అలంకరణ క్యాట్‌ఫిష్‌ల గుర్తింపు, నామకరణం: ఉత్తర కోస్తా చెరువులకు సంబంధించిన అంశాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చెరువుల్లో వల వేసినప్పుడు మీసాలున్న కొత్త చేప ఏదైనా చిక్కితే మత్స్యకారులు దానిని ఏదో ఒక తెలిసిన పేరుతో పిలుస్తారు. నల్లగా జారుడుగా ఉంటే ‘మార్పు’ అనీ, గట్టిగా గరుకుగా ఉంటే ‘దెయ్యం చేప’ అనీ, పట్టణంలో చదువుకున్న పిల్లలుంటే ‘సక్కర్ ఫిష్’ అనీ అంటారు. ఆ పేరును బట్టే ఆ చేపను చెరువులోకి తిరిగి వదలడమో, గట్టు మీద పారవేయడమో, సంతకు పంపడమో జరుగుతుంది. పేరు తప్పయితే నిర్ణయమూ తప్పవుతుంది. అంతరించే ప్రమాదంలో ఉన్న దేశీయ మార్పు చేపను ఆఫ్రికా చేపగా భావించి చంపవచ్చు. అలంకరణ తొట్టి నుంచి వచ్చిన విదేశీ చేపను ‘పాచి తినే మంచి చేప’ అని చెరువులోనే ఉంచవచ్చు. ఈ రెండు పొరపాట్లను నివారించడానికి ప్రయోగశాల అవసరం లేదు. మీసాల జతలు, వాజాల అమరిక, ఒంటి కవచం, నోటి స్థానం అనే నాలుగు బాహ్య లక్షణాలను వరుసగా పరిశీలిస్తే చాలావరకు సరిపోతుంది. విస్తరణ శాస్త్రవేత్తలకు, మత్స్యశాస్త్ర విద్యార్థులకు క్షేత్రంలో ఉపకరించే విధంగా ఆ పరిశీలనా క్రమాన్ని, పేర్లను నమోదు చేయడంలో పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

క్యాట్‌ఫిష్‌లు అంటే ఏవి?

సిలూరిఫార్మిస్ క్రమానికి చెందిన చేపలన్నింటినీ క్యాట్‌ఫిష్‌లు అంటారు. ప్రపంచంలో వీటిలో 3,000కు పైగా జాతులు ఉన్నాయి. నోటి చుట్టూ పిల్లి మీసాలను పోలిన స్పర్శాంగాలు ఉండటం, ఒంటిపై సాధారణ పొలుసులు లేకపోవడం, చాలా జాతులలో పృష్ఠ వాజానికీ ఉరో వాజాలకూ ముందు బలమైన ముల్లు ఉండటం వీటి ఉమ్మడి లక్షణాలు. ఈ ముల్లును నిటారుగా నిలిపి బిగించుకోగల కీలు ఉండటం వల్ల వలలో చిక్కిన జెల్లను విడదీయడం కష్టమవుతుంది.

ఉత్తర కోస్తాలో వంశధార, నాగావళి, చంపావతి, గోస్తనీ నదుల పరీవాహక ప్రాంతాలలో దేశీయ క్యాట్‌ఫిష్‌లు తరతరాలుగా పరిచితమైనవి. వాలుగ, జెల్లలు, మార్పు, ఇంగిలాయి అనే పేర్లు మత్స్యకారుల నోట నిత్యం వినిపిస్తాయి. ఇవి ఆహారపు చేపలు. వీటికి భిన్నంగా దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆగ్నేయాసియాల నుంచి అలంకరణ చేపల వ్యాపారం ద్వారా వచ్చిన క్యాట్‌ఫిష్‌లు పట్టణాలలోని అక్వేరియం దుకాణాలలో దొరుకుతాయి. అవి ఇంటి తొట్టిలో ఉన్నంతవరకు సమస్య లేదు. తొట్టికి మించి పెరిగిన చేపను చంపడం ఇష్టంలేక సమీపంలోని చెరువులోనో కాలువలోనో వదిలినప్పుడు సమస్య మొదలవుతుంది.

నామకరణంలో ఈ తీరానికి ఉన్న చరిత్ర

క్యాట్‌ఫిష్‌లకు పేరు పెట్టే ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండగా సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. ఆ గ్రంథంలో చాలా చేపలను స్థానిక మత్స్యకారులు పలికిన తెలుగు పేర్లతోనే నమోదు చేశాడు. వాలుగ చేప ప్రజాతికి నేటికీ వాడుకలో ఉన్న ‘వల్లాగో’ అనే శాస్త్రీయ నామం తెలుగు ‘వాలుగ’ నుంచి వచ్చినదే. సముద్రపు జెల్లలలో ఒక జాతికి ఫ్రాన్సిస్ డే 1877లో ‘ఏరియస్ జెల్లా’ అని పేరు పెట్టాడు. అంటే తీరాంధ్ర మత్స్యకారుల పదాలు ప్రపంచ మత్స్యశాస్త్రంలో శాశ్వతంగా నిలిచాయి.

అయితే స్థానిక నామానికి ఒక పరిమితి ఉంది. ‘మార్పు’ అనే మాటను కొన్నిచోట్ల క్లేరియస్ ప్రజాతి చేపకు, మరికొన్నిచోట్ల హెటెరోన్యూస్టిస్ ప్రజాతి చేపకు, ఇంకొన్నిచోట్ల రెండింటికీ వాడతారు. ‘జెల్ల’ అనేది మంచినీటిలోను సముద్రంలోను ఉన్న అనేక జాతులకు సామూహిక నామం. అందువల్ల స్థానిక నామం చేపను వెతికి పట్టుకోవడానికి, మత్స్యకారునితో సంభాషించడానికి అమూల్యమైనది. నిర్మూలన లేదా సంరక్షణ నిర్ణయానికి మాత్రం అదొక్కటే ఆధారం కారాదు.

వ్యాపార నామాలు తెచ్చే గందరగోళం

స్థానిక నామాల కంటే వ్యాపార నామాలు మరింత తికమక పెడతాయి. అక్వేరియం దుకాణాలలో ‘షార్క్’ పేరుతో అమ్మే చిన్న చేప సొరచేప కాదు. అది పంగాసియానోడాన్ హైపోఫ్తాల్మస్, అనగా ఆంధ్రప్రదేశ్ చెరువులలో ఆహారం కోసం విస్తారంగా పెంచే పంగస్ చేప పిల్ల. తెల్లని రంగు గలవి కూడా అదే జాతికి చెందినవి. ‘సక్కర్ ఫిష్’, ‘ట్యాంక్ క్లీనర్’ అనేవి ఏ ఒక్క జాతి పేర్లూ కావు. లోరికారిడే కుటుంబానికి చెందిన అనేక ప్రజాతుల చేపలను ఆ ఒక్క పేరుతోనే అమ్ముతారు. వాటిలో కొన్ని అరచేతి పొడవు దాటవు. మరికొన్ని అర మీటరు వరకు పెరుగుతాయి. కొనేటప్పుడు రెండూ రెండంగుళాల పిల్లలే కావడం వల్ల కొనుగోలుదారునికి తేడా తెలియదు.

‘ప్లెకో’ అనే పేరు హైపోస్టోమస్ ప్లెకోస్టోమస్ అనే శాస్త్రీయ నామం నుంచి పుట్టింది. లినేయస్ వర్ణించిన ఈ జాతి దక్షిణ అమెరికా ఉత్తర భాగానికి చెందినది. ఆ పేరుతో ప్రపంచమంతటా అమ్ముడవుతున్న చేపలలో అత్యధికం వాస్తవానికి టెరిగోప్లిక్తిస్ ప్రజాతికి చెందినవి. పాత పుస్తకాలలో, కొన్ని బోధనా పత్రాలలో సైతం ఈ పొరపాటు కొనసాగుతోంది.

ఇంకా శాస్త్రీయంగా వర్ణించని లోరికారిడ్ చేపలు వ్యాపారంలోకి వస్తున్నప్పుడు వాటిని పిలవడానికి జర్మనీకి చెందిన ‘డాట్స్’ అనే అక్వేరియం పత్రిక 1988లో ‘ఎల్’ సంఖ్యల పద్ధతిని ప్రారంభించింది. ఉదాహరణకు నలుపు తెలుపు చారల ‘ఎల్ 46’ చేపకు 1991లో హైపాన్సిస్ట్రస్ జీబ్రా అనే శాస్త్రీయ నామం లభించింది. ఈ సంఖ్యలు తాత్కాలిక గుర్తులు మాత్రమే. ఒకే జాతికి రెండు మూడు సంఖ్యలు ఉండవచ్చు. ఒకే సంఖ్య కింద వేర్వేరు రూపాలు అమ్ముడుపోవచ్చు. క్షేత్ర నివేదికలో వీటిని అదనపు సమాచారంగా రాయవచ్చు గాని శాస్త్రీయ నామానికి బదులుగా రాయకూడదు.

దశలవారీ గుర్తింపు క్రమం

చెరువులో లేదా దుకాణంలో కనిపించిన క్యాట్‌ఫిష్‌ను ఈ కింది వరుసలో పరిశీలించాలి. ఒక్కొక్క దశలో ఒక్క ప్రశ్నకు మాత్రమే సమాధానం చెప్పుకొని ముందుకు సాగాలి.

1. ఒంటిపై ఎముక పలకల కవచం ఉందా? వేలితో తోక వైపు నుంచి తల వైపునకు నిమిరితే గరుకుగా, గట్టిగా తగులుతుంది. ఉంటే 2వ దశకు, చర్మం నున్నగా జారుడుగా ఉంటే 5వ దశకు వెళ్లాలి.

2. నోరు తల అడుగు భాగాన గుండ్రని చప్పరింపు కప్పు వలె ఉందా? ఉంటే అది లోరికారిడే కుటుంబపు చేప. 3వ దశకు వెళ్లాలి. నోరు కిందికి వంగి ఉన్నా కప్పు ఆకారం లేక, పక్కలపై పలకలు పై వరుస, కింది వరుస అని రెండే వరుసలుగా ఉంటే అది కోరిడోరస్ వర్గానికి చెందిన చిన్న చేప.

3. పృష్ఠ వాజాన్ని పూర్తిగా విప్పి, ముందున్న ముల్లును విడిచి, దాని వెనుక ఉన్న మెత్తని కిరణాలను లెక్కించాలి. అవి పదీ అంతకు మించీ ఉంటే టెరిగోప్లిక్తిస్. ఏడు ఉంటే 4వ దశకు వెళ్లాలి.

4. ముట్టె అంచు పలకలు లేకుండా మెత్తగా ఉండి, ముఖ్యంగా మగ చేపలో కొమ్మల వంటి కండ పోగులు మొలిచి ఉంటే అది యాన్సిస్ట్రస్. ముట్టె చివరి వరకు పలకలతో కప్పి ఉంటే హైపోస్టోమస్ కావచ్చు.

5. కవచం లేని చేపలో పృష్ఠ వాజం తల వెనుక నుంచి తోక దాకా పొడవుగా సాగి ఉందా? ఉంటే అది క్లేరియస్ ప్రజాతి. పృష్ఠ వాజం పొట్టిగా ఉంటే 6వ దశకు వెళ్లాలి.

6. పృష్ఠ వాజానికీ తోకకూ మధ్య వీపుపై కిరణాలు లేని మెత్తని కొవ్వు వాజం ఉందా? ఉంటే 7వ దశకు, లేకపోతే 8వ దశకు వెళ్లాలి.

7. మీసాల జతలు లెక్కించాలి. రెండు జతలుంటే పంగస్. మూడు జతలుండి కింది దవడ మీసాలు చీలి కొమ్మలుగా ఉంటే ఆఫ్రికాకు చెందిన సైనోడాంటిస్. చీలకుండా పొడవుగా ఉంటే దక్షిణ అమెరికాకు చెందిన రెడ్‌టెయిల్, షావెల్‌నోస్ వంటి పెద్ద క్యాట్‌ఫిష్‌లు. నాలుగు జతలుండి పృష్ఠ వాజానికి ముల్లు ఉంటే దేశీయ జెల్ల వర్గం.

8. కొవ్వు వాజం లేని చేపలో నాలుగు జతల మీసాలు, చిన్న పృష్ఠ వాజం, చాలా పొడవైన పాయు వాజం ఉంటే ఇంగిలాయి, అనగా హెటెరోన్యూస్టిస్ ఫాసిలిస్. రెండు జతల మీసాలు, కంటిని దాటి వెనుకకు చీలిన పెద్ద నోరు ఉంటే వాలుగ. శరీరం గాజు వలె పారదర్శకంగా ఉండి వెన్నెముక బయటికి కనిపిస్తే అలంకరణ గ్లాస్ క్యాట్‌ఫిష్.

ఈ క్రమాన్ని పాటించేటప్పుడు రంగును చివరన మాత్రమే పరిగణించాలి. నీటి రంగు, వయస్సు, ఒత్తిడి, మరణానంతర కాలం అనే నాలుగూ రంగును మార్చగలవు. అలంకరణ చేపలలో తెల్లని, పసుపు రంగు రూపాలను ప్రత్యేకంగా ఉత్పత్తి చేస్తారు. మీసాలు, వాజాలు, కవచం మాత్రం అంత సులభంగా మోసం చేయవు. మీసాలు తెగిపోయి ఉండే అవకాశం ఉన్నందున రెండు వైపులా లెక్కించి చూడాలి.

టెరిగోప్లిక్తిస్ జాతులను వేరు చేయడం

పై క్రమంలో అత్యంత ప్రధానమైనది 3వ దశ. చెరువులలో, కాలువలలో ‘దెయ్యం చేప’, ‘డెవిల్ ఫిష్’ అనే పేర్లతో వార్తలకెక్కుతున్నది ఈ టెరిగోప్లిక్తిస్ ప్రజాతియే. తెరచాపలా విచ్చుకునే పెద్ద పృష్ఠ వాజం వల్ల దీనిని ఆంగ్లంలో సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్ అంటారు. ప్రజాతిని నిర్ధారించడం సులభమే గాని జాతిని నిర్ధారించడం కష్టం. చేపను వెల్లకిలా తిప్పి పొట్టపై మచ్చల అమరికను పరిశీలించాలి.

టెరిగోప్లిక్తిస్ పార్డాలిస్‌లో లేత రంగు పొట్టపై ముదురు మచ్చలు చాలావరకు విడివిడిగా ఉంటాయి. తలపై గీతలు రేఖాకృతులుగా కనిపిస్తాయి. ఇది అమెజాన్ నదీ వ్యవస్థకు చెందినది. టెరిగోప్లిక్తిస్ డిస్జంక్టివస్‌లో పొట్టపై మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పురుగు పాకిన జాడల వంటి వంకర గీతలుగా మారతాయి. దీని స్వస్థలం మదీరా నదీ పరీవాహక ప్రాంతం. టెరిగోప్లిక్తిస్ మల్టీరేడియాటస్ ఒరినోకో నదికి చెందినది. దీని పొట్టపై మచ్చలు కలిసిపోకుండా గుండ్రంగా ఉంటాయి. టెరిగోప్లిక్తిస్ ఆనిసిట్సిలో ఇందుకు విరుద్ధంగా ముదురు రంగు ఒంటిపై తెల్లని మచ్చలు ఉంటాయి. టెరిగోప్లిక్తిస్ గిబ్బిసెప్స్‌లో తల వెనుక ఎముక ఎత్తైన గట్టు వలె లేచి ఉంటుంది. ఒంటిపై చిరుతపులి మచ్చలు పెద్దవిగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తమ స్వస్థలానికి వెలుపల స్థిరపడిన చేపలలో పార్డాలిస్, డిస్జంక్టివస్‌ల మధ్యస్థ లక్షణాలు గలవి తరచుగా కనిపిస్తాయి. ఒకే వలలో పడిన చేపలలో కొన్నింటి పొట్టపై మచ్చలు, కొన్నింటిపై గీతలు, కొన్నింటిపై రెండూ ఉండవచ్చు. ఈ రెండు జాతుల మధ్య సంకరం జరుగుతోందన్న అభిప్రాయానికి అణుస్థాయి పరిశోధనలు కూడా బలం చేకూర్చాయి. అటువంటి చేపకు బలవంతంగా ఏదో ఒక జాతి పేరు అంటగట్టడం కంటే ‘టెరిగోప్లిక్తిస్ జాతి, నిర్ధారణ కావలసి ఉంది’ అని రాయడం శాస్త్రీయంగా సరైన పద్ధతి. ప్రజాతి వరకు నిర్ధారణ జరిగితే క్షేత్రస్థాయి చర్యకు అది చాలు.

మార్పు చేపా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిషా?

5వ దశ కూడా అంతే కీలకం. భారతీయ మార్పు చేపను చాలాకాలం క్లేరియస్ బాట్రాకస్ అని రాసేవారు. బాట్రాకస్ అనే పేరు జావా ద్వీపపు చేపకు మాత్రమే వర్తిస్తుందని, భారత ఉపఖండంలోనిది క్లేరియస్ మాగూర్ అని 2008లో వర్గీకరణ శాస్త్రవేత్తలు స్పష్టం చేశారు. పాత పాఠ్యపుస్తకాలు చదివే విద్యార్థులు ఈ మార్పును గమనించాలి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో క్లేరియస్ మాగూర్ అంతరించే ప్రమాదం ఉన్న జాతిగా నమోదైంది. వాలుగ కూడా అదే జాబితాలో ముప్పును ఎదుర్కొనే జాతిగా ఉంది.

ఇదే ప్రజాతికి చెందిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, అనగా క్లేరియస్ గేరిపైనస్ పెంపకం మన దేశంలో నిషిద్ధం. ఇది వేగంగా పెరుగుతుంది. ఇతర చేపలను విపరీతంగా తింటుంది. దీని తెల్లని రూపాలు అలంకరణ చేపలుగా కూడా అమ్ముడవుతాయి. రెండింటికీ పొడవైన పృష్ఠ వాజం, నాలుగు జతల మీసాలు ఉన్నందున పైపైన చూస్తే తేడా కనిపించదు. తల వెనుక భాగాన్ని వేలితో తడిమి చూడాలి. మార్పు చేపలో తల ఎముక వెనుక అంచు కోణంగా, ఆంగ్ల ‘వి’ అక్షరం వలె మొనదేలి ఉంటుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌లో అది వెడల్పుగా, ‘ఎం’ అక్షరం వలె ఉంటుంది. ఎదిగిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ తల అడుగున రెండు వైపులా ముదురు నిలువు పట్టీలు కనిపిస్తాయి. సందేహం తీరనప్పుడు మొప్పను తెరిచి చూడవచ్చు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌లో మొప్ప దువ్వెన పళ్లు చాలా దట్టంగా, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి.

ఇంగిలాయిని పట్టుకునేటప్పుడు గుర్తింపు కంటే ముందు భద్రత ముఖ్యం. దీని ఉరో వాజపు ముల్లు విషపూరితం; గుచ్చుకుంటే తీవ్రమైన నొప్పి కలుగుతుంది. సముద్ర అక్వేరియంలలో పెంచే చారల ప్లోటోసస్ చేపకు కూడా విషపు ముళ్లు ఉంటాయి. తీరప్రాంత వలలలో అది చిక్కినప్పుడు చేతితో పట్టుకోరాదు. విద్యార్థులు మీసాలు, వాజాలు లెక్కించేటప్పుడు మందపాటి తొడుగులు ధరించాలి.

హానిలేని అలంకరణ చేపలూ ఉన్నాయి

అలంకరణ క్యాట్‌ఫిష్‌లన్నీ చెరువులకు శత్రువులన్న భావన సరికాదు. వేళ్ల పొడవు మాత్రమే పెరిగే కోరిడోరస్ వర్గపు చేపలు, నాలుగైదు సెంటీమీటర్లు దాటని ఓటోసింక్లస్, అరచేతిలో ఇమిడే యాన్సిస్ట్రస్ ఇంటి తొట్టికి తగినవి. తొట్టిలో పాచి తినే చేప కావాలని అడిగే వినియోగదారునికి టెరిగోప్లిక్తిస్ పిల్లకు బదులు యాన్సిస్ట్రస్‌ను సూచించడం ద్వారా తర్వాతి దశలో చెరువులోకి వదిలే పరిస్థితిని నివారించవచ్చు. దుకాణదారులకు శిక్షణ ఇచ్చేటప్పుడు ముట్టెపై పోగులు, పృష్ఠ వాజపు కిరణాల సంఖ్య అనే రెండు లక్షణాలు నేర్పితే చాలు.

ఈ చేపల శాస్త్రీయ నామాలు కూడా స్థిరంగా ఉండవని గుర్తించాలి. గ్లాస్ క్యాట్‌ఫిష్‌ను దశాబ్దాల పాటు వేరే జాతుల పేర్లతో పిలిచారు. 2013లో గాని దానికి క్రిప్టాప్టెరస్ విట్రియోలస్ అనే సొంత నామం రాలేదు. కోరిడోరస్ ప్రజాతిని 2024లో పునర్విభజించినప్పుడు దుకాణాలలో అతి సాధారణమైన కంచు రంగు కోరిడోరస్ ఈనియస్ చేప ఆస్టియోగాస్టర్ ఈనియా అయింది. పేరు మారినా చేప మారలేదు. అందువల్ల నివేదికలో పేరుతో పాటు ఏ లక్షణాల ఆధారంగా గుర్తించారో కూడా రాసినప్పుడే పదేళ్ల తర్వాత చదివేవారికి ఆ నివేదిక ఉపయోగపడుతుంది.

సరైన గుర్తింపు ఎందుకు అత్యవసరం?

టెరిగోప్లిక్తిస్ స్వభావం చెరువు యాజమాన్యానికి ప్రతికూలమైనది. ఇది నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు గాలిని మింగి కడుపు ద్వారా శ్వాసించగలదు. అందువల్ల బయటకు తీసిన తర్వాత కూడా గంటల తరబడి బతుకుతుంది. గట్టు మీద పారవేస్తే వర్షంలో తిరిగి నీటిలోకి చేరే అవకాశం ఉంది. మగ చేపలు గట్టు పక్కల నీటి మట్టానికి దిగువన బొరియలు తవ్వి గుడ్లను కాపాడతాయి. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఈ బొరియలు బయటపడతాయి. మట్టి గట్లపై ఆధారపడిన గొలుసుకట్టు చెరువులకు ఈ బొరియలు ముప్పు. గరుకు కవచం, ముళ్లు వలలను చింపుతాయి. ఆహారంగా గిరాకీ లేనందున వలలో పడిన ప్రతి చేపా మత్స్యకారునికి నష్టమే. మెక్సికోలోని ఇన్‌ఫియెర్నిల్లో జలాశయంలో ఒకప్పుడు తిలాపియా చేపల వేట ప్రధానం కాగా, ఈ చేపలు స్థిరపడిన తర్వాత వలలలో వీటి భాగమే అధికమైంది.

పక్షులకు సైతం వీటి ముళ్లు ప్రమాదకరం. ప్యూర్టోరికోలో గోధుమ రంగు పెలికాన్లు వీటిని మింగబోయి గొంతులో ఇరుక్కొని మరణించిన ఘటనలు శాస్త్ర సాహిత్యంలో నమోదయ్యాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు పరిసర చెరువులు, చిత్తడి నేలల చేపలనే తిని పిల్లలను పోషించుకుంటాయి. ఆ నీటి వనరులలోకి ఈ చేప రాకుండా చూడటం చేపల సాగుకే కాక పక్షుల సంరక్షణకూ సంబంధించిన విషయం.

నదీ వ్యవస్థల అమరిక కూడా అప్రమత్తతను కోరుతుంది. తోటపల్లి వద్ద నాగావళి నుంచి, గొట్టా వద్ద వంశధార నుంచి బయలుదేరిన కాలువలు అనేక చెరువులను నింపుతాయి. ఎగువన ఒక్కచోట వదిలిన చేప కాలువ వెంట దిగువ ఆయకట్టు అంతటికీ చేరగలదు. వానాకాలంలో చెరువులు పొర్లినప్పుడు ఈ ప్రయాణం మరింత సులభమవుతుంది. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన జన్యు పదార్థం ఆధారంగా ఈ చేప ఉనికిని పసిగట్టే పరీక్షను రూపొందించి తూర్పు కనుమల జలవనరులలో వినియోగించారు. చేప కంటికి కనిపించకముందే దాని జాడ తెలుసుకోవడానికి ఇది మార్గం. అయితే ఏ చెరువు నీటిని పరీక్షించాలో నిర్ణయించడానికి క్షేత్రం నుంచి వచ్చే సరైన గుర్తింపు సమాచారమే మొదటి ఆధారం.

క్షేత్ర నమోదు విధానం

కొత్త క్యాట్‌ఫిష్ కనిపించినప్పుడు నాలుగు చిత్రాలు తీయాలి: పక్క నుంచి, పై నుంచి, పొట్ట వైపు నుంచి, పృష్ఠ వాజాన్ని పూర్తిగా విప్పి. ప్రతి చిత్రంలోను కొలబద్ద ఉండాలి. ఊరు, చెరువు పేరు, తేదీ, వల రకం, చిక్కిన చేపల సంఖ్య, మత్స్యకారుడు చెప్పిన స్థానిక నామం నమోదు చేయాలి. స్థానిక నామాన్ని సరిదిద్దకుండా పలికినది పలికినట్లే తెలుగు లిపిలో రాయాలి. మీసాల జతలు, పృష్ఠ వాజపు కిరణాల సంఖ్య విడిగా రాయాలి.

నమూనాను రూప పరిశీలనకు పది శాతం ఫార్మలిన్‌లోను, జన్యు పరీక్షకు ఉద్దేశించిన వాజపు ముక్కను 95 శాతం ఆల్కహాలులోను భద్రపరచాలి. ఫార్మలిన్‌లో ఉంచిన కణజాలం జన్యు పరీక్షకు పనికిరాదు గనుక ముక్కను ముందుగానే కత్తిరించాలి. చీటీని పెన్సిలుతో రాసి నమూనాతో పాటు సీసాలోనే ఉంచాలి. సిరా ద్రవంలో కరిగిపోతుంది.

విదేశీ జాతి అని నిర్ధారణ అయిన చేపను తిరిగి నీటిలోకి వదలకూడదు. చెరువు గట్టున పారవేయకూడదు. చంపిన తర్వాత నీటికి దూరంగా గోతిలో పూడ్చాలి. నిర్ధారణ కాని చేపను మాత్రం చంపమని సలహా ఇవ్వడానికి ముందు 5, 8 దశలను మరోసారి పరిశీలించాలి. ఎందుకంటే పొరపాటున చంపే అవకాశం అధికంగా ఉన్నవి మార్పు, ఇంగిలాయి, వాలుగ వంటి దేశీయ చేపలే.

ముగింపు

మీసాలున్న చేపలన్నీ ఒకటి కావు. ఒకే పేరుతో పిలిచే చేపలన్నీ కూడా ఒకటి కావు. కవచం ఉందా, పృష్ఠ వాజపు కిరణాలు ఎన్ని, మీసాలు ఎన్ని జతలు, తల ఎముక అంచు ఏ ఆకారంలో ఉంది అనే ప్రశ్నలకు గట్టు మీదనే సమాధానాలు లభిస్తాయి. రెండు శతాబ్దాల క్రితం ఈ తీరపు మత్స్యకారులు చెప్పిన పేర్లను శ్రద్ధగా వినడం వల్లనే ‘వాలుగ’ ప్రపంచ శాస్త్రంలో ప్రజాతి నామమైంది. నేడు విస్తరణ శాస్త్రవేత్తలు అదే శ్రద్ధతో వారు చెప్పే పేరును విని, చేపను చేతిలోకి తీసుకొని లక్షణాలతో సరిచూసినప్పుడు కాపాడవలసిన మార్పు చెరువులో మిగులుతుంది. అడ్డుకోవలసిన దెయ్యం చేప కాలువ దాటకముందే గుర్తింపు పొందుతుంది.